మొదటి వంద మైళ్లు... ఏ దారిన?

"వంద మైళ్లా! బస్సులన్నీ ఏమైపోయాయే అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు.

మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "మైళ్లు కాదులే అమ్మా, కిలోమీటర్లయి ఉంటాయి" అని సర్దిచెప్పబోయారు. కాదు, మైళ్లే. వంద మైళ్లంటే నూట అరవై ఒక్క కిలోమీటర్లు. ఇంచుమించు విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లినంత దూరం. అదీ సైకిలు మీద, ఒక్క రోజులో. పాతకాలం పెద్దవాళ్లు ఆమడకి ఎనిమిది మైళ్లని లెక్కేసేవారు. ఆ లెక్కన పన్నెండున్నర ఆమడలన్నమాట.

ఈ గోల ఇప్పుడెందుకంటారా? ఈమధ్య ఏ ఊళ్లో చూసినా పొద్దున్నే గేరు సైకిళ్ల మీద ఆడవాళ్లు కనిపిస్తున్నారు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చాలా ఇళ్లలోకి సైకిళ్లు వచ్చాయి. కొన్ని అటక ఎక్కాయి, కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. తిరుగుతున్నవాళ్లలో పది కిలోమీటర్లు ఇరవై అవుతాయి, ఇరవై నలభై అవుతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు "సెంచరీ ఎప్పుడు కొడుతున్నారు?" అని అడుగుతారు. ఇంగ్లండు, అమెరికాల్లో సైకిలు సెంచరీ అంటే వంద మైళ్లే. మనం మైలురాళ్లు పీకేసి కిలోమీటరు రాళ్లు పాతుకుని ఎన్నో ఏళ్లయినా, ఆ వంద మైళ్ల మోజు మాత్రం ఇక్కడిదాకా వచ్చింది. రానివ్వండి, మంచిదే. నా గొడవల్లా ఒక్కటే. ఆ మొదటి వంద మైళ్లకి దారి ఎంచుకునేటప్పుడు మనం చూడాల్సినవి చూడకుండా, మగవాళ్లు చూసేవే చూస్తున్నాం.

ఎవర్నైనా అడిగి చూడండి. అరకు వెళ్లమంటారు, ఘాటు రోడ్డు అందంగా ఉంటుందని. హైదరాబాదు నుంచి బయల్దేరమంటారు, విజయవాడ వైపు పల్లమే కాబట్టి హాయిగా దొర్లుకుంటూ రావచ్చని. లేకపోతే ఏదో ఒక క్లబ్బు నడిపే పెద్ద రైడుకి పేరివ్వమంటారు, పతకం వస్తుందని. అందం, పల్లం, పతకం. ఈ మూడింట్లో ఏదీ చెప్పని సంగతి ఒకటుంది. దారిలో టాయిలెట్ ఎక్కడుంది?

నవ్వకండి. నేను దీనికి ఖరీదు కట్టినదాన్ని.

మూడేళ్ల క్రితం నేనూ పతకం మోజులోనే పడ్డాను. ఒక పెద్ద ఊళ్లో ఒక క్లబ్బు నడిపే 200 కిలోమీటర్ల రైడుకి డబ్బు కట్టాను. వీటిని బ్రెవే అంటారు. ప్యారిస్‌లోని పాత క్లబ్బు ఒకటి పెట్టిన నియమాలతో ప్రపంచమంతా జరుగుతాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. ఆ పై మెట్లు 300, 400, 600. వాళ్ల పట్టికలో వంద మైళ్ల మెట్టు లేదు. మొదటి మెట్టే రెండు వందలు. అప్పటిదాకా నేను తొక్కిన అతి పెద్ద దూరం డెబ్బై. "వంద మైళ్ల దాకా వెళ్తే చాలు, మిగతా నలభై అవే అయిపోతాయి" అన్నారు తెలిసినవాళ్లు. నేనూ నమ్మాను.

నలభై మందిలో ఆడవాళ్లం నలుగురం. తెల్లవారుజామునే మొదలు. హైవే బాగుంది, గాలి చల్లగా ఉంది, కాళ్లు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. మొదటి ముద్ర వేయించుకునే చోటు ఒక టీ బడ్డీ. మగవాళ్లంతా టీ తాగి, రోడ్డు దిగి, తుమ్మచెట్ల చాటుకి వెళ్లొచ్చి బయల్దేరారు. నేను టీ తాగలేదు. నీళ్లూ తాగలేదు. ఎందుకో మీకు వేరే చెప్పాలా? పెళ్లిళ్లకి బస్సులో వెళ్లినప్పుడు, పరీక్ష రాయడానికి పరాయి ఊరు వెళ్లినప్పుడు, చిన్నప్పుడు బళ్లో... మనందరికీ అలవాటైన విద్యే కదా అది. నీళ్లు తాగకపోతే వెళ్లాల్సిన అవసరమే రాదు!

మధ్యాహ్నం పన్నెండింటికి నేను తాగినవి మొత్తం ఒక సీసాడు నీళ్లు. తల పగిలిపోతోంది. పిక్కలు రాళ్లలా బిగుసుకున్నాయి. 118వ కిలోమీటరు దగ్గర సైకిలు దిగి వాంతి చేసుకున్నాను. ఎవరో ట్రాలీ ఆటో ఆపి, సైకిల్నీ నన్నూ అందులోకి ఎక్కించారు. ఎక్కించిన పెద్దాయన మంచివాడే పాపం. గొడుగు కూడా పట్టాడు. పడుతూ ఒక మాటన్నాడు. "ఆడవాళ్లకి ఇంత దూరం కష్టమేలెండమ్మా."

ఆ మాట ఇంటిదాకా నాతో వచ్చింది. మర్నాడు మావారూ ఇంచుమించు అదే అన్నారు, కాస్త ప్రేమగా. మా అబ్బాయి ఏమీ అనలేదు. సైకిల్ని బాల్కనీలో పెట్టి దాని మీద తన యూనిఫాం ఆరేశాడు. ఎనిమిది నెలలు అది అలాగే ఉంది. నేనూ నమ్మేశాను, ఆడవాళ్లకి కష్టమేనని. నన్ను ఓడించింది దూరం కాదనీ, దాహమనీ తెలియడానికి చాలా రోజులు పట్టింది. తప్పు దారి ఎంచుకుంటే వచ్చే నష్టం ఇదే. ఒక ఆదివారం పోతే పోయింది. దాంతోపాటు సైకిలు కూడా బట్టల దండెం అయిపోతుంది. మనం చెయ్యలేమన్న మాటకి మనమే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

కష్టమేనంటే గుర్తొచ్చింది, బెరిల్ బర్టన్ పేరు విన్నారా? ఇంగ్లండులో లీడ్స్ ఊరావిడ. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి నెలల తరబడి ఆస్పత్రిలో పడుంది. ఒంటికి శ్రమ కూడదన్నారు డాక్టర్లు. పెళ్లయింది, కూతురు పుట్టింది, తోటలో ఒళ్లొంచి కూలిపని చేసింది. ఆవిడ 1967లో పన్నెండు గంటల పోటీలో 277 మైళ్ల పైచిలుకు తొక్కింది. అదే పోటీలో అదే రోజు మగవాళ్లలో మొదటివాడు తొక్కిన దూరం కంటే ముక్కాలు మైలు ఎక్కువ! అతనిదీ అప్పటికి కొత్త రికార్డే. అతన్ని దాటి వెళ్తూ తన జేబులోని మిఠాయి ముక్క ఒకటి అతని చేతిలో పెట్టిందట. మరుసటి ఏడు, 1968లో, వంద మైళ్లు 3 గంటల 55 నిమిషాల 5 సెకన్లలో తొక్కేసింది. మనం పది గంటల్లో తొక్కితే చాలనుకుంటున్న దూరం ఇది.

ఇంత జరిగినా ఒలింపిక్స్ పెద్దలకి నమ్మకం కుదరలేదు. మగవాళ్ల రోడ్డు పందెం 1896లోనే మొదలైతే, ఆడవాళ్లకి 1984లో గానీ పెట్టలేదు. పెట్టినప్పుడు కూడా ఇచ్చిన దూరం 79 కిలోమీటర్లు. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌కి వచ్చేసరికి అది 158 కిలోమీటర్లయింది. అంటే ఇంచుమించు మన వంద మైళ్లే. నలభై ఏళ్లలో ఆడవాళ్ల కాళ్లు పొడుగెదిగాయంటారా?

సరే, ఎనిమిది నెలల తర్వాత నా కాలేజీ స్నేహితురాలు ఒకామె అడిగింది, "మళ్లీ ప్రయత్నించకూడదూ?" అని. తనకి అంతకుముందు ఏడాదే స్కూటీ అమ్మేసి సైకిలు కొన్న పిచ్చి. ఇద్దరం కూర్చుని ఈసారి దారిని పెళ్లి సంబంధం చూసినట్టు చూశాం. ఎత్తుపల్లాల పటాలు కాదు, కాగితం మీద గీత గీసి, గంటకొక చుక్క పెట్టి, ఆ చుక్క దగ్గర తలుపుకి గడియ ఉన్న టాయిలెట్ ఉందా లేదా అని చూశాం. అలా చూస్తే అరకు పోయింది. హైదరాబాదు పోయింది. మిగిలింది మా ఊరి గుమ్మంలో ఉన్న బందరు రోడ్డు!

ఇంటి ముందరి దారిని ఎవరూ పెద్ద రైడుకి లెక్కలోకి తీసుకోరు. ఫొటోలు బాగా రావని కాబోలు. కానీ దాని గుణాలు చూడండి. విజయవాడ వన్‌టౌన్‌లో మా ఇంటినుంచి బందరు బస్టాండుకి ఇంచుమించు డెబ్బై కిలోమీటర్లు. అక్కణ్ణించి మంగినపూడి బీచికి మరో పదకొండు. సముద్రంలో కాళ్లు కడుక్కుని తిరిగి ఇల్లు చేరితే, సరిగ్గా వంద మైళ్లు దాటుతుంది. దారంతా కృష్ణా డెల్టా. చేత్తో చదును చేసినట్టుంటుంది, ఎక్కాల్సినవి వంతెనలే. నాలుగు వరసల రోడ్డు, అంచున సైకిలుకి సరిపడా చోటుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గూడూరు... గంట గంటకి ఒక ఊరు తగులుతుంది. ఉయ్యూరులో, పామర్రులో, బందరులో బస్టాండులున్నాయి. మధ్యలో పెట్రోలు బంకులున్నాయి. హైవే బైపాసు మీంచి పోయే చోట సోమరితనం పడకుండా ఊళ్లోకి దిగితే చాలు.

ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి వెళ్లి ఆ చుక్కలన్నీ చూసొచ్చాం. బస్టాండుల్లో నీళ్లు వస్తున్నాయా, బంకుల్లో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, అన్నీ. ఒక బంకు కుర్రాడు తాళం ఇవ్వడానికి తెల్లముఖం వేశాడు. "మాదేనండి, స్టాఫుది" అన్నాడు. ఇంకో బంకులో అడగ్గానే ఇచ్చి, బకెట్టులో నీళ్లు కూడా పట్టిపెట్టారు. చంటిపిల్లలున్న తల్లులు బస్సులో ప్రయాణం పెట్టుకున్నప్పుడు చేసే ఆలోచనే ఇది. సైకిలుకి వచ్చేసరికి మనం ఎందుకో సిగ్గుపడి మానేస్తాం.

ఇక గాలి. సైకిలు తొక్కేవాళ్లకి కొండ కంటే ఎదురుగాలే శత్రువు. కొండకి చివర ఉంటుంది, ఎదురుగాలికి చివరుండదు. సముద్రపు ఒడ్డు జిల్లాల్లో మనకో వరముంది. ఎండెక్కాక నేల వేడెక్కి, మధ్యాహ్నం నుంచి సముద్రం వైపు నుంచి లోపలికి గాలి వీస్తుంది. పొద్దున్నే సముద్రం వైపు వెళ్లి, మధ్యాహ్నం వెనక్కి తిరిగితే ఆ గాలి మన వీపు తట్టి ఇంటికి పంపుతుంది. అదే బందరు ఆవిడ పొద్దున్నే విజయవాడకి బయల్దేరిందనుకోండి, అలిసిపోయిన సగం దారంతా గాలికి ఎదురు తొక్కాలి. దూరం అదే, దారి అదే, మొహం ఎటు పెట్టి మొదలుపెట్టామన్నదే తేడా. గాలి రోజూ మన మాట వింటుందని హామీ ఏమీ లేదనుకోండి. మేం వెళ్లిన రోజు వింది.

తర్వాత వెలుతురు. నేను చీకట్లో తొక్కను. పిరికిదన్నా సరే. జనవరి చివర మా ఊళ్లో ఆరూముప్పావుకి తెల్లవారుతుంది, ఆరింటికి పొద్దుగూకుతుంది. చేతిలో పదకొండు గంటలు. గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల చొప్పున తొక్కితే తొమ్మిది గంటలు. రెండు గంటలు తినడానికి, తాగడానికి, నడుం వాల్చడానికి. కాబట్టి గంటకి పద్దెనిమిది తొక్కలేనివాళ్లు ముందు అది సాధించాలి, వంద మైళ్లు ఆ తర్వాత. డిసెంబరు, జనవరి మొదట్లో డెల్టాలో పొద్దున పొగమంచు దట్టంగా ఉంటుంది, ఎదుట లారీ వచ్చేదాకా కనపడదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. మార్చి వస్తే ఎండ. అంటే మనకి మిగిలేది జనవరి చివర, ఫిబ్రవరి. ఆ రోజుల్లో ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లుంటాయి జాగ్రత్త. బళ్లనుంచి జారిన గడలు రోడ్డు మీద పడుంటాయి. పల్లె రోడ్లలోకి దిగితే దారికి అడ్డంగా వడ్లు ఆరబోసి ఉంటారు. వాటి మీంచి తొక్కకండి. రైతు తిట్టడం అటుంచి, చక్రం జారుతుంది.

తేదీ మనమే పెట్టుకోవడంలో ఇంకో సుఖముంది. క్లబ్బువాళ్ల క్యాలెండరుకి మన నెలసరి సంగతి తెలియదు. నొప్పితో మెలికలు తిరిగే రెండో రోజున పది గంటలు సీటు మీద కూర్చోవాల్సిన ఖర్మ మనకెందుకు? కొందరికి ఏ ఇబ్బందీ ఉండదు, హాయిగా తొక్కుతారు. ఉన్నవాళ్లు వారం వెనక్కి జరుపుకుంటే సరిపోతుంది. మరో మాట. దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. సగానికి పైగా! ఆయాసం వస్తుంటే కాళ్లలో బలం లేదనుకుని ఇంకా గట్టిగా తొక్కేస్తాం. ముందొకసారి రక్తం పరీక్ష చేయించుకోండి. నా స్నేహితురాలికి తొమ్మిది దగ్గరుంది. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నాకే మేం బయల్దేరాం. ఆ మూడు నెలలూ ఎలాగూ కావాలి. నలభై నుంచి మొదలుపెట్టి వారానికి పది కిలోమీటర్ల చొప్పున పెంచుకుంటూ, నూట ఇరవై దాకా వెళ్తే చాలు. మిగతా నలభై ఆ రోజే తొక్కొచ్చు. ఇదివరకు నాకు "అవే అయిపోతాయి" అన్న నలభై ఇవేగా అంటారేమో. అప్పుడు నా కింద ఉన్నవి డెబ్బయ్యే!

తిండి గురించి పెద్ద శాస్త్రం లేదు. గంటకొక అరటిపండో, గుప్పెడు ఖర్జూరాలో. ఆకలి వేసేదాకా ఆగకూడదు. గంటకి అర లీటరుకి తగ్గకుండా నీళ్లు, మధ్యమధ్య ఓఆర్‌ఎస్ పొడి కలుపుకుని, లేదా ఉప్పేసిన మజ్జిగ. ఒట్టి నీళ్లే బిందెలకొద్దీ తాగడమూ మంచిది కాదు. బట్టల విషయంలో ఒకే మాట: చున్నీ ఇంట్లో పెట్టి రండి. చున్నీ చెయిన్లో పడితే ఏమవుతుందో మోటారు సైకిళ్ల పుణ్యాన మనకి తెలుసు. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు లోపల తొడుక్కుని పైన వదులు ప్యాంటు వేసుకుంటే ఎవరూ తేరిపార చూడరు. చూసినా మీ వెనక్కే చూడాలి.

"ఇంత తంటా ఎందుకు, వెనకాల కారులో నేనొస్తాగా" అన్నారు మావారు. వద్దన్నాను. కారు వెనకాల ఉంటే నూరో కిలోమీటరు దగ్గర తలుపు తెరుచుకుంటుంది. అలిసినప్పుడు ఏసీ కారు పిలిస్తే కాదనే శక్తి నాకు లేదు. పోనీ నిజంగా వల్లకాకపోతే? బందరు నుంచి విజయవాడకి రైలుంది, బస్సులున్నాయి, ట్రాలీ ఆటోలు ఎలాగూ ఉన్నాయి. ఏ చోట ఆగినా గంటలో ఇల్లు చేరే దారి ఉండాలి. కానీ దాన్ని మనమే పిలవాలి, అది మన వెనకాలే రాకూడదు. ఈ విషయంలో నా స్నేహితురాలు నాతో ఒప్పుకోలేదు. ప్రమాదం జరిగితే ఏమిటని అడిగింది. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఇద్దరం గంటకోసారి ఇంటికి ఫోను చెయ్యాలని రాజీ పడ్డాం.

క్లబ్బు రైడులు పనికిరావని నేననడం లేదు. పంక్చరైతే పదిమంది ఆగుతారు, కొత్త దారులు తెలుస్తాయి. డల్లాస్‌లో ఉండే మా మేనకోడలు తన మొదటి వంద మైళ్లకి విచిటా ఫాల్స్ వెళ్తానంది. టెక్సాస్‌లో ఆ ఊరు పుట్టి నూరేళ్లయిన సందర్భంగా 1982లో మొదలుపెట్టిన రైడు. ఆగస్టు నెలలో, నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో నూరు మైళ్లు! పేరే హాటర్ ఎన్ హెల్ హండ్రెడ్, నరకం కన్నా వేడని. "మొదటిసారికి అదేం ఎంపికే, చలికాలంలో ఏదైనా చూసుకో" అని ఫోనులో అరగంట చెప్పాను. వినలేదు. వెళ్లింది, పూర్తి చేసింది కూడా. ఎలాగంటే, "అత్తా, కొద్ది మైళ్లకొకటి చొప్పున ఆగే చోట్లున్నాయి. నీళ్లు, ఐసు, టాయిలెట్లు అన్నీ ఉన్నాయి. హాయిగా తాగుతూ వెళ్లా" అంది. అంతటి ఎండలో అది గెలిచింది, చల్లటి డిసెంబరులో నేను ఓడిపోయాను. మన దగ్గర రైడులు పెట్టేవాళ్లు పతకం మీద బొమ్మ గురించి చేసే చర్చలో పదో వంతు ఈ విషయం మీద చేస్తే, నలభై మందిలో నలుగురే ఎందుకొస్తున్నారో వాళ్లకే తెలుస్తుంది. మీరు పేరిచ్చే ముందు ఫోను చేసి, ముద్ర వేసే చోటల్లా టాయిలెట్ ఉందా అని అడగండి. అవతలివాళ్లు నసిగితే డబ్బు కట్టకండి.

అన్నిటికంటే కష్టమైన ఎంపిక దారిది కాదులెండి, రోజుది. 2024 సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 289 నిమిషాలు నా వేగంతో తొక్కితే ఎనభై ఆరు కిలోమీటర్లు! అంటే బందరు దాటి మంగినపూడి దాకా నేను రోజూ ఇంట్లోనే తొక్కుతున్నానన్నమాట. రైడు తేదీ చెప్పగానే మా ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న, "ఆ రోజు వంట?" మొదట నేనూ అలవాటు కొద్దీ, తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపేద్దామనుకున్నాను. స్నేహితురాలు కోప్పడింది. "మూడింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడి, ఆరింటికి సైకిలెక్కితే సాయంత్రం నాలుగింటికి ఏం మిగులుతావు?" అంది. నిజమే. నిద్ర కూడా నీళ్లలాంటిదే, మనం ముందు కోసేసుకునేది అదే. వంట చెయ్యనని చెప్పేశాను. ఆ రాత్రి కాస్త గట్టిగానే చెప్పాల్సొచ్చింది. మర్నాడు మా అత్తగారే, "పోనీలేరా, ఒక్క పూట అన్నం వండుకోలేరూ మీరిద్దరూ?" అని తండ్రీకొడుకుల్ని కసిరారు. ఆవిడ ఎటువైపున్నారో నాకు ఇరవై ఏళ్లుగా అర్థం కాదు.

వెళ్లొచ్చాం. జనవరి ఆఖరి ఆదివారం. పామర్రులో కూచిపూడికి చీలే దారి దగ్గర ఇడ్లీ తిన్నాం. బందరులో లడ్డూ కొన్నాం. మంగినపూడిలో ఇసకలో పావుగంట వెల్లకిలా పడుకున్నాం. నాలుగు సీసాలు నిండుగా తాగాను, మజ్జిగ కాకుండా. ఆరు చోట్ల ఆగాను. తిరుగుదారిలో ఉయ్యూరు దాటాక స్నేహితురాలి వెనక చక్రం పంక్చరైంది. ట్యూబు మార్చడం ఇంట్లో నాలుగుసార్లు చేసి చూసుకున్నాం కాబట్టి ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చెరకు ట్రాక్టరు ఆపి ఒక రైతు, "నేను ఎక్కించుకుంటానమ్మా, ఎందాకా?" అని అడిగాడు. ఇంకా తొక్కాలన్నాం. చెరో గడ విరిచిచ్చి పోయాడు. బెంజి సర్కిల్ దగ్గరికొచ్చేసరికి ఆరు దాటింది, లైట్లు వెలిగించాల్సొచ్చింది. నా లెక్కలో తప్పిన ఆ పావుగంటా పంక్చరుదే.

ఆ బస్సు ప్రయాణంలో రాసుకున్న చుక్కల పుస్తకం ఇప్పుడు మా వీధిలో చేతులు మారుతోంది. ఎక్కడ బంకుంది, తాళం ఎవరినడగాలి, ఎక్కడ గడియ పడదు, అన్నీ రాసున్నాయి. నూనె మరకలతో, లోపల ఎవరో దాచుకున్న కరివేపాకు రెమ్మతో సహా. బందరు రోడ్డు పేజీలు నిండాయి. గుంటూరు వైపు పేజీ ఒకమ్మాయి మొదలుపెట్టింది. ఏలూరు వైపు హనుమాన్ జంక్షన్ దాకానే అయింది. అవతల ఏముందో బస్సెక్కి చూసి రావాలి.